చాప మీద చోటు

జనవరి 8

స్కూలు గేటు గోడకి ఇవాళ కొత్త బ్యానర్ కట్టారు. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలు: "ఇది సమాన అవకాశాల సంస్థ. నైజీరియా పౌరులందరూ ఇక్కడ సమానులే." కట్టినవాడు ఒక మూల తాడు బిగించలేదు. ఈ ఎండు గాలికి గుడ్డ మడత పడి "పౌరులందరూ ఇక్కడ" దాకానే కనిపిస్తోంది. పౌరులందరూ ఇక్కడ ఏం చేస్తున్నారో రాసిన ముక్క గోడవైపు తిరిగిపోయింది.

ఆ బ్యానర్ కిందే నోటీసు. మిడ్‌వైఫరీ స్కూలు ప్రిన్సిపాల్ పోస్టు పర్మనెంటుగా నింపుతారట. ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టింది మహానుభావులకి. మిసెస్ ఎజిగ్బో రిటైరైనప్పటి నుంచీ ఆ కుర్చీలో కూర్చుంటున్నది నేను. తలుపు మీద నా పేరు ముందు "ఇన్‌చార్జి" అని ఒక అట్టముక్క వేలాడుతుంది. ఆ అట్టముక్క నా కన్నా ఎక్కువ సర్వీసు చేసినట్టు పసుపురంగుకి తిరిగింది.

అర్హతలన్నీ నాకున్నాయి. చివర చిన్న అక్షరాల్లో ఒక షరతు: సొంత ఊరి లోకల్ గవర్నమెంటు నుంచి స్థానికత పత్రం జతచేయాలి. ఈ రాష్ట్రం వాళ్ళకే పర్మనెంటు, మిగతావాళ్ళకి కాంట్రాక్టు. పైన సమానులే అని, కింద ఇది. ఒకే గోడ మీద రెండూ అంటించిన మనిషికి సిగ్గనేది లేకపోయినా కళ్ళైనా ఉండాలి కదా.

నాకేం భయం లేదనుకో. మా నాన్నది ఉమునాజే. మా తాతది ఉమునాజే. నేను పుట్టి పెరిగింది నాన్న రైల్వే ఉద్యోగం మూలంగా అక్కడెక్కడో ఉత్తరాన కదునాలో. క్రిస్మస్‌కి వచ్చి పోయేవాళ్ళం. అయితేనేం, రక్తం ఇక్కడిదే.

అరిత్ కూడా దరఖాస్తు పెడుతోందట. సరదాకి కాబోలు. నా కింద వైస్ ప్రిన్సిపాల్ పని చేస్తుంది, పాపం, కాంట్రాక్టు మనిషి.

జనవరి 10

ఒబియోరాకి చెప్పాను. "నీ ఊళ్ళో నీ కాగితం నీకివ్వడానికి వాళ్ళకేం నొప్పి? వెళ్ళి తెచ్చుకో," అన్నాడు సూప్‌లో ముద్ద ముంచుతూ. హైస్కూల్లో భూగోళం చెప్పే మొగుడుంటే ఇంతే. మ్యాపులో ఊరు కనిపిస్తే చాలు, అందులో మనుషులుంటారని తోచదు.

జనవరి 13

లోకల్ గవర్నమెంటు ఛైర్మన్ ఎమెజియే మా వంశం వాడే. మా నాన్న అన్నగారి కొడుకు, నాకు తమ్ముడి వరస. ఎన్నికల ముందు మా ఇంటికొచ్చి, మేక మాంసం రెండుసార్లు వడ్డించుకుని, "అక్కా, నీ చల్లని చెయ్యి నా తల మీద పెట్టు," అన్నాడు. పెట్టాను. ఏరు దాటాక తెప్ప తగలేసే రకమని అప్పుడే తెలిసుంటే ఆ చేత్తో ఇంకోటి చేసేదాన్ని.

ఆఫీసంతా వాళ్ళమ్మ ఫోటోలే. ముసలావిడ పోయి ఇంకా మార్చురీలో ఉంది. ఖననం వచ్చే నెలట. అప్పుడే క్యాలెండర్లు, గొడుగులు, టీషర్టులు అచ్చయిపోయాయి. బతికున్నప్పుడు ఆవిడకి నడుంనొప్పి మాత్రలు పంపింది అరిత్. ఇప్పుడు ముసలావిడ గొడుగుల మీద నవ్వుతోంది.

విషయం చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలాడు.

"అక్కా, నువ్వు మా మనిషివే. కాదని ఎవరన్నారు? మా మనిషివి కావడం వేరు, ఈ ఊరి మనిషివి కావడం వేరు."

"అంటే?"

"పెళ్ళయ్యాక బావ ఊరే నీ ఊరు కదా. బావది నది అవతలి రాష్ట్రమాయె. రేప్పొద్దున, దేవుడు అలాంటి రోజు తేకూడదనుకో, నిన్ను పాతిపెట్టేది కూడా అక్కడే."

"ఉద్యోగం అడిగితే గొయ్యి చూపిస్తావేంట్రా?"

"నేను పెట్టిన రూలు కాదక్కా. ఆచారం. పెళ్ళైపోయిన ఆడపిల్లలకి పత్రాలిచ్చుకుంటూ పోతే, ఇక్కడే ఉన్న మా కుర్రాళ్ళు నన్ను బతకనిస్తారా?"

లేచి గుమ్మం దాకా వచ్చాడు. మర్యాద మాత్రం దండిగా ఉంది. "అమ్మ పనులకి మాత్రం ముందే వచ్చెయ్యాలి సుమా. ఆడపడుచులు లేకపోతే చావింట్లో దిక్కెవరు?"

మా మనిషివి కావడం వేరట, ఊరి మనిషివి కావడం వేరట! ఇలాంటి మాట అనడానికి ఎంత మందం ఉండాలి మనిషికి. అది కూడా ఏదో గొప్ప సామెత చెప్పినట్టు, గొంతు తగ్గించి. దారి పొడుగునా ఆ మాటే తలుచుకుని మండిపోయాను.

జనవరి 14

కొందరి పుర్రెల్లో దేవుడు మెదడుకి బదులు కర్రపెండలం పిండి పెట్టి పంపుతాడు.

జనవరి 17

ఒబియోరాని వెంటబెట్టుకుని నది దాటి వాళ్ళ లోకల్ గవర్నమెంటు ఆఫీసుకెళ్ళాను. అక్కడి పత్రం ఇక్కడి పోస్టుకి పనికిరాదని తెలుసు. అయినా నేనెవరి మనిషినో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

బల్ల వెనక గుమాస్తా ఆడమనిషి అరిటాకు విప్పుకుని ఒక్పా పప్పుముద్ద తింటోంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకోలేదు.

"మీరు మా కోడలమ్మా. కోడళ్ళకి పత్రం ఉండదు. ఇక్కడ పుట్టినోళ్ళకే."

"మరి మీ ఊరి ఆడపిల్లలు పెళ్ళి చేసుకుని వేరే రాష్ట్రం పోతే?"

"వాళ్ళెక్కడికి పోయినా మా బిడ్డలే. అడిగిన పూటే రాసిస్తాం."

"నా పుట్టినూరు వాళ్ళు పెళ్ళైతే ఊరు పోయిందంటున్నారే!"

"అది ఆళ్ళ ఆచారం అమ్మా. ఒక్కో ఊరిది ఒక్కో ఆచారం." ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. "మీరు తప్పు ఒడ్డున పుట్టారు, ఏం చేస్తాం."

ఒబియోరా గోడ మీది మ్యాపు చూస్తూ నిలబడ్డాడు. ఏ ఒడ్డు ఎటుందో వెతుకుతున్నాడు కాబోలు. తిరుగు దారిలో పడవలో, "పోనీలే, ఇన్‌చార్జిగా కూడా జీతం అదేగా," అన్నాడు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను, ఈయనకి జీతం కనిపిస్తోంది.

జనవరి 18

స్టాఫ్ రూంలో టీ తాగుతూ అరిత్‌తో అంతా చెప్పాను. ఎవరితోనో ఒకరితో చెప్పకపోతే గుండె పగిలేట్టుంది.

అరిత్ ఎఫియోంగ్ నవ్వింది. ఆమె నవ్వు నాకు ఎప్పుడూ కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. వాళ్ళ నాన్న కాలబార్ వైపు నుంచి వచ్చిన వడ్రంగి. ఇక్కడి మిషన్ ఆస్పత్రి తలుపులన్నీ ఆయన చేసినవే. ఆ తలుపుల వెనక వార్డులోనే అరిత్ పుట్టింది. ఇక్కడే చదివింది, ఇక్కడే ఉద్యోగం, నాన్నని పాతిపెట్టిందీ ఇక్కడి మిషన్ తోటలోనే. మా ఇగ్బో భాష నాకన్నా బాగా మాట్లాడుతుంది. నేను మార్కెట్లో నోరు తెరిస్తే నా ఉత్తరాది యాస విని మిరపకాయలకి రెట్టింపు చెప్తారు. అరిత్‌కి కొసరు వేస్తారు. అదో విడ్డూరం.

"మీకు రెండు ఊళ్ళు కాదన్నాయి మేడమ్. నాకు ఒక్కటే కాదంది, నయం కదా," అంది. "మా నాన్న ఊరు వెళ్ళాను. ఎవరింటి పిల్లవి అన్నారు పెద్దలు. తాత ఇల్లు ఉండే చోటు చూపించాను. అక్కడ పెట్రోలు బంకు ఉంది. అయితే బంకు వాడినే అడుగు పత్రం, అన్నారు."

"ఏం మనుషులో."

"మనుషులే మేడమ్. అదే తంటా." టీలో బ్రెడ్డు ముంచుకుంది. "ఎమెజియే గారి అమ్మ ఖననం వచ్చే నెలేగా? చాప మీద కూర్చునేదెవరు?"

"ఎవరేంటి, వంశం ఆడపడుచులు. శవం దగ్గర చాప పరిచి పాడేది వాళ్ళేగా."

"వాళ్ళందరికీ పెళ్ళిళ్ళయ్యాయి కదా? మరి ఈ ఊరితో వాళ్ళకేం పని?"

నేను కప్పులో చెంచా తిప్పాను. ఆమే మళ్ళీ అంది: "మీకోసం ఆ రూలు విరిగితే నాకోసం కూడా విరిగినట్టేగా మేడమ్. ఒకసారి గోడకి కన్నం పడ్డాక, ఎవరు దూరుతున్నారో చూసేదెవరు?"

"తప్పకుండా అరిత్. విరిగితే అందరికీ విరుగుతుంది," అన్నాను. మాటిచ్చాను. మనసారానే ఇచ్చాను. నేను పోట్లాడేది నా ఒక్కదాని కోసం కాదు, అది ఇక్కడ రాసిపెట్టుకోవాలి.

జనవరి 20

స్నానం చేస్తుంటే మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. ఆడపడుచులే లేకపోతే వాడు తల్లినెలా సాగనంపుతాడు? పెళ్ళైన ఆడది ఊరిది కాకపోతే చాప మీద కూర్చునే హక్కూ లేదు, బాధ్యతా లేదు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదంటే ఈ ఊరి బుర్రల గురించి ఏమనుకోవాలి? (అరిత్ ఏదో అంది కానీ, ఆమె అన్నది వేరు.)

జనవరి 24

మేనత్త ఒగ్బెన్యాలు దగ్గరికెళ్ళాను. మా వంశం ఆడపడుచుల్లో అందరికన్నా పెద్దది, వాళ్ళ సంఘానికి తల. పక్కూళ్ళో కాపురం, మొగుడు పోయి చాలా కాలమైంది. నస్యం డబ్బా అరచేతిలో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది.

నేనెప్పుడూ ఆడపడుచుల సంఘం అంటే గౌరవం ఉన్నదాన్నే. డ్యూటీల వల్ల వెళ్ళలేకపోయేదాన్ని. మీటింగు పెట్టినప్పుడల్లా సబ్బో ఉప్పో పంపేదాన్ని.

"వచ్చావా, ఉప్పు పాకెట్టూ!" అంది అత్త. "ఎన్ని చావులకి రాలేదే నువ్వు? నీ బాబాయి చావుకి రాలేదు. ఉగోయే పిల్లాడు పోతే రాలేదు. ఇయ్యాల చాప గుర్తొచ్చిందా?"

"డ్యూటీలు అత్తా."

"చచ్చినోళ్ళు డ్యూటీ చూసుకుని చస్తారా మరి?"

ఇలాంటి వాళ్ళతో వాదించి లాభం లేదు. ఎమెజియే అన్న మాటలు పూసగుచ్చినట్టు చెప్పాను. వింటూ వింటూ అత్త నస్యం పీల్చడం ఆపేసింది.

"పెళ్ళయ్యాక ఊరు కాదన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"అదే మాట అత్తా."

"ఆడి ముడ్డి కడిగింది నేను. ఆడి బాబుకి సున్తీ చేసిన్నాడు ఒళ్ళో పట్టుకుంది నేను. పదారేళ్ళకి నన్ను ఈ ఊరికిచ్చారు. అప్పణ్ణించీ ఉమునాజేలో ఏ చావుకి నా గొంతు లేవలేదో చెప్పమను." తుమ్మింది. కళ్ళు తుడుచుకుంది. "నీ కుర్చీ నాకక్కర్లేదమ్మాయ్. దాని మీద నువ్వు కూసున్నా ఒకటే, పిల్లి కూసున్నా ఒకటే. నన్ను కాదన్నాడు. అది తేల్చుకోవాలి."

పిల్లిట. నర్సింగులో మాస్టర్స్ చేసినదాన్ని పట్టుకుని. పోనీలే, పని కావాలి కాబట్టి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 1

ఎంత నవ్వొచ్చిందో, ఇంకా నవ్వుతూనే రాస్తున్నాను.

ఆచారం ప్రకారం ఎమెజియే మనుషులు కోలా కాయలూ, కల్లు కుండా పట్టుకుని ఆడపడుచులని పిలవడానికి అత్త ఇంటికొచ్చారు. ముందు ఎమెజియే చిన్నాన్న, నెత్తిన పెద్దలు పెట్టుకునే ఎర్ర టోపీ. ఆడపడుచులంతా అక్కడే చేరి ఉన్నారు. నేనూ వెనకాల ఉన్నాను.

"మా వదిన్ని సాగనంపాలి. మా ఆడపడుచులు వచ్చి చాప పరవాలి," అన్నాడు చిన్నాన్న.

అత్త ఇటూ అటూ చూసింది. "ఎవరి ఆడపడుచులు నాయనా? ఇల్లు తప్పొచ్చినట్టున్నారు."

"ఏంటక్కా ఆ మాట! ఉమునాజే ఆడపడుచులు."

"మేం ఉమునాజే వాళ్ళం కాదంట. మీ ఛైర్మనే చెప్పాడు. నన్నిచ్చింది ఈ ఊరికి, అదుగో ఆ పిల్లనిచ్చింది ఆ మూలూరికి, దాన్నిచ్చింది నది అవతలికి. మేమందరం పరాయోళ్ళం. పరాయోళ్ళు మీ చాపెక్కితే మీ కుర్రాళ్ళు ఊరుకోరంట కదా?"

"అది ఉద్యోగం మాటక్కా! ఇది చావు!"

"ఓహో. చావుకైతే మీ ఊరోళ్ళం, బతకడానికైతే కాదా?"

ఆడవాళ్ళంతా ఒకేసారి చప్పట్లు కొట్టి ఊళ వేశారు. చిన్నాన్న టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కోలా కాయ ముట్టుకుంటే పిలుపు ఒప్పుకున్నట్టే, ఎవరూ ముట్టుకోలేదు. కల్లు మాత్రం ఉంచుకున్నారు. పరాయివాళ్ళకి దాహం వెయ్యకూడదని ఏ ఆచారంలోనూ లేదంది అత్త.

చావుకైతే మీ ఊరోళ్ళం అన్న మాట చాలా బాగుంది. ఇంటర్వ్యూలో వాడుకోవచ్చు, కొంచెం చదువుకున్న భాషలోకి మార్చి.

ఫిబ్రవరి 3

ఎమెజియే చాప మీదకి పెళ్ళికాని అమ్మాయిలని పోగు చేశాడట. పాలిటెక్నిక్ చదివేవాళ్ళు, బ్యూటీ పార్లర్ నేర్చుకునేవాళ్ళు. ఒక్కదానికీ చావు పాట ఒక్క చరణం రాదు. ఫోన్లో పెట్టి నేర్చుకుంటున్నారట, అది కూడా వేరే ఊరి పాట. చచ్చిపోయినావిడ లేచొచ్చి వాయిస్తుంది వీళ్ళని.

గవర్నర్ గారి భార్య వస్తుందని గొడుగుల మీద అచ్చు వేయించుకున్నాడు. చాప ఖాళీగా ఉంటే ఆవిడ ఎదుట పరువు ఏ గొడుగు కింద దాచుకుంటాడో.

ఫిబ్రవరి 5

వచ్చాడు. ఎవరినీ వెంట తెచ్చుకోకుండా, గోధుమరంగు కవరు పట్టుకుని. మా ఇంటి వరండాలో చెప్పులు విడిచాడు. వీడు ఎవరింట్లోనైనా చెప్పులు విడవగా నేను చూడలేదు.

"నన్ను నవ్వులపాలు చెయ్యకక్కా."

"నేనేం చేశాన్రా? నేను పరాయిదాన్ని."

కవరు బల్ల మీద పెట్టాడు. నా పేరుతో స్థానికత పత్రం. ఉమునాజే బిడ్డ అని సంతకం, ముద్ర.

"ఇంకో మాట రాయాలి," అన్నాను. "పెళ్ళైనా కాకపోయినా ఈ ఊరి ఆడపిల్లలందరికీ ఇస్తామని."

అది అత్త పెట్టిన షరతు. వెంటనే కింద రాసి సంతకం పెట్టాడు. తల్లి శవం మార్చురీలో ఉంటే మనిషి ఏదైనా రాస్తాడు.

అప్పుడు అరిత్ గుర్తొచ్చింది. ఇక్కడే పుట్టినవాళ్ళకి కూడా, అని మరో ముక్క అడగవచ్చా అనుకున్నాను. నోటి దాకా వచ్చింది. కానీ మరీ లాగితే తెగుతుంది. పైగా అది ఆడపడుచుల వ్యవహారం కాదు కదా, అత్త ఒప్పుకోదు. అన్నీ ఒక్కసారే కావు. ముందు నేను కుర్చీలో కూర్చుంటే లోపలి నుంచి మార్చవచ్చు.

ఒబియోరా వాడికి టీ ఇచ్చాడు. చక్కెర కూడా వేశాడు, అమాయకుడు.

ఫిబ్రవరి 8

ఖననం అయింది. ఒళ్ళంతా దుమ్ము.

ఆడపడుచులందరం ఒకే రకం నీలం బట్టలు కట్టుకుని వెళ్ళాం. అత్త ముందు. మేం గేటు దాటగానే మగాళ్ళు దారిచ్చి పక్కకి జరిగారు. చాప పరిచి కూర్చున్నాం. ఎన్నేళ్ళకి కూర్చున్నానో ఆ చాప మీద. కాళ్ళు తిమ్మిరెక్కాయి కానీ గర్వంగానే ఉంది. గవర్నర్ గారి భార్య వచ్చి మా ముందు మోకాలు వంచి దణ్ణం పెట్టింది.

అరిత్ కూడా వచ్చింది. ఆ ముసలావిడకి చివరి నెలల్లో పుళ్ళు కడిగింది తనే. ఎవరో చెప్పారేమో, అదే నీలం బట్ట కొని కట్టుకుంది. వచ్చి చాప అంచున, నా పక్కన కూర్చుంది.

అత్త చూసింది. కోపంగా కాదు, మామూలుగానే చెప్పింది. "అమ్మాయ్, ఇది మా చాప. మంచిదానివే, ఆవిడకి ఎంతో చేశావు. కుర్చీలు ఆ షామియానా కింద ఉన్నాయి."

అరిత్ నా వైపు చూసింది. సరిగ్గా అప్పుడే పాట ఎత్తుకున్నారు. నేను కూడా అందుకోవాలి కదా. తలెత్తి చూసేసరికి అరిత్ బట్ట దులుపుకుని లేచి వెళ్ళిపోతోంది.

నాకు ఆ పాటల్లో మాటలు రావు. కదునాలో ఎవరు నేర్పుతారు? పెదాలు కదిపాను. షామియానా కింద కుర్చీలోంచి అరిత్ అన్ని చరణాలూ పాడుతూనే ఉంది. ఎందుకో అంత గట్టిగా. కొందరికి ఎక్కడ ఎలా ఉండాలో తెలియదు.

ఫిబ్రవరి 9

తలనొప్పి.

ఫిబ్రవరి 19

ఇంటర్వ్యూ.

వరండాలో మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు. హెల్త్ కమిషన్ ఆఫీసర్ ఒకతను ఫైళ్ళు చూస్తూ వచ్చాడు. నా పత్రం చూసి, "ఉమునాజేనా! మా అత్తారూరి పక్కనే," అని పళ్ళికిలించాడు. ఊరి పేరు చూడగానే చుట్టరికం పుట్టుకొస్తుంది ఇలాంటి వాళ్ళకి. అసహ్యం.

తర్వాత అరిత్ దగ్గర ఆగాడు.

"మీ పత్రం?"

"లేదండీ. నేను పుట్టింది ఇక్కడే, మిషన్ ఆస్పత్రిలో. అక్కడి వార్డు తలుపు చేసింది కూడా మా నాన్నే, కావాలంటే దాని వెనక ఆయన పేరు చెక్కి ఉంటుంది."

"తలుపు జతచెయ్యడం కుదరదు సిస్టర్," అన్నాడు. తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. "మీరు వెళ్ళొచ్చు. కాంట్రాక్టు పోస్టులు పడితే చెప్తాం."

అరిత్ వెంటనే లేవలేదు. నా వైపు తిరిగింది, నేనేమైనా అంటానేమో అన్నట్టు. నా ఫైలు క్లిప్పు ఊడిపోతోంది, దాన్ని సరిచేసుకుంటున్నాను. అసలు నేను మాత్రం ఏం అనగలను? నేనూ ఒక అభ్యర్థినే. తోటి అభ్యర్థి గురించి మాట్లాడటం పద్ధతి కాదు.

లోపల అడిగారు: "సమాన అవకాశం అంటే మీ ఉద్దేశం?"

చాలా బాగా చెప్పాను. మనిషిని మరణంలో తమవాడని, జీవితంలో పరాయివాడని చెప్పే సమాజం గురించి చెప్పాను. గొంతు కూడా కొంచెం వణికింది. బోర్డు చైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఫిబ్రవరి 20

రాయడానికేమీ లేదు. కుళాయి రాలేదు.

మార్చి 3

ఆర్డరు వచ్చింది. నేనే ప్రిన్సిపాల్‌ని, పర్మనెంటు!

"ఇన్‌చార్జి" అట్టముక్క పీకించాను. దాని కింద తలుపు రంగు కొత్తగా ఉంది. ఒబియోరా కేకు తెచ్చాడు. అత్త కబురంపింది: "పిల్లికి కుర్చీ దొరికిందా? ఈసారి చావుకి ఉప్పు పంపితే ఊరుకోను." ముసలిదానికి నోరు తప్ప ఏమీ మిగల్లేదు.

సాయంత్రం అరిత్ వచ్చింది. కంగ్రాట్స్ చెప్పింది. మామూలుగా నవ్వలేదు, నవ్వకపోయినా అదీ నాకు కొంచెం ఎక్కువే అనిపించింది.

"మేడమ్, ఒకటి అడగనా? ఆ రూలు విరిగిందా, లేక మీరు దూరాక మూసుకుందా?"

"ఏం మాట అరిత్! ఇప్పుడే కదా కుర్చీ ఎక్కాను. నిదానంగా చూద్దాం."

"చూడండి మేడమ్. నాకు పదవి అక్కర్లేదు. నేను చేస్తున్న పని నాకుంటే చాలు."

జనం ఎంత తొందరపడతారో. ఒక మనిషి కొత్త కుర్చీలో నడుం సర్దుకునే లోపే గుమ్మంలో నిలబడతారు.

మార్చి 4

నిజం చెప్పాలంటే ఆ రూలు పూర్తిగా తప్పని కూడా అనలేం. ఏ ఊరికైనా తన పిల్లలు తనకి ముందు. నా విషయంలో తప్పుగా వాడారు, అంతే.

మార్చి 12

కమిషన్ వాళ్ళు స్కూల్లో కాంట్రాక్టు పోస్టులన్నీ పర్మనెంటు చేస్తున్నారు. ఇప్పుడు ఉన్నవాళ్ళు కూడా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. స్థానికత షరతు ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఈసారి ప్రిన్సిపాల్ ఇష్టానికి వదిలారు. బాధ్యత మా నెత్తిన వేసి చేతులు దులుపుకోవడం వాళ్ళకి అలవాటే.

గుమాస్తా న్వాఫోర్ ప్రకటన టైపు చేసి తెచ్చాడు. పైన బ్యానర్ మీది వాక్యం, కింద ఆ షరతు.

"మేడమ్, ఈ లైను ఉంచమంటారా, కొట్టెయ్యమంటారా? అరిత్ సిస్టర్ పోస్టు కూడా ఇందులోనే ఉంది."

పెన్ను తీసుకున్నాను. చాలాసేపు చూశాను ఆ లైను వంక. నేను రాసిన లైను కాదు. నాకన్నా ముందు నుంచీ ఉన్నది. రేపు దీన్ని తీసేస్తే అన్ని రాష్ట్రాల వాళ్ళూ దిగిపోతారు, ఎమెజియే కుర్రాళ్ళు గేటు ముందు కూర్చుంటారు. ఉమునాజే ఆడపిల్ల కుర్చీ ఎక్కి ఊరిని అమ్మేసిందంటారు. అత్త కూడా అంటుంది. అరిత్ తెలివైనది, ఎక్కడైనా బతుకుతుంది.

"ఉండనీ," అన్నాను. సంతకం పెట్టాను.

న్వాఫోర్ కాగితం తీసుకోకుండా నిలబడ్డాడు. "మా పిల్లలిద్దరూ ఆవిడ చేతుల్లోనే పుట్టారు మేడమ్. మన మనిషే కదా ఆవిడ."

"మన మనిషే. కాదని ఎవరన్నారు? మన మనిషి కావడం వేరు, ఈ ఊరి మనిషి కావడం వేరు."

గొంతు తగ్గించి, నిదానంగానే చెప్పాను. అతను కాగితం పట్టుకుని బయల్దేరాడు. వెళ్తుంటే ఆ బ్యానర్ మూల తాడు కూడా బిగించమని చెప్పాను.

మాట చక్కగా కుదిరింది. ఎక్కడో విన్నట్టే ఉంది కానీ, ఎవరన్నారో గుర్తు రావడం లేదు.